మీ రెండో చిట్టాను మాకూ చూపించండి: జట్టు ఆటల ర్యాంకు లెక్కలు రాసేవారికి బహిరంగ లేఖ

ఐదుగురికి ఐదుగురు ఎదురు నిలిచే వీడియో గేములలో ర్యాంకింగ్ పద్ధతులను రూపొందిస్తున్న వారికి,

నమస్కారములు.

నేను హనుమకొండలో ఒక ఆడిటరు కార్యాలయంలో పద్దులు సరిచూసే గుమాస్తాను. వ్యాపారుల చిట్టాలను, బ్యాంకు పాసుపుస్తకాలను పక్కపక్కన పెట్టుకుని ఎక్కడ రూపాయి తేడా వచ్చిందో వెతకడం నా ఉద్యోగం. రాత్రి పదిన్నర దాటి ఇంట్లోవాళ్లు నిద్రపోయాక, హెడ్‌ఫోన్లు తగిలించుకుని రెండు ర్యాంకు మ్యాచ్‌లు ఆడుకోవడం ఏడేళ్లుగా నాకున్న వ్యసనం. నా వయసు ముప్పై నాలుగు కాబట్టి ఈ అలవాటును మా బంధువుల్లో ఎవరూ హర్షించరు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే చదరంగం ఆడతానని చెప్పి తప్పించుకుంటాను.

నేను ఆడే ఆట పేరును ఈ లేఖలో రాయడం లేదు. నా అనుభవంలోని లోపం ఒక్క ఆటదే అయితే ఆ కంపెనీకే ఈమెయిల్ పంపి ఊరుకునేవాణ్ణి. మిత్రులతో మాట్లాడాక, వేర్వేరు ఆటలు ఆడేవారు కూడా దాదాపు ఇవే మాటలతో ఇదే బాధ చెప్పుకోవడం విన్నాక, అందరికీ కలిపి ఒక్క ఉత్తరం రాయడమే మేలనిపించింది. మొదటి ప్రతిని కోపంలో రాశాను. మూడు వారాలు పక్కన పెట్టి, కోపంతో రాసినవన్నీ కొట్టివేయగా మిగిలినది ఇది.

విషయానికి వస్తాను. ఒక రాత్రి మొదటి మ్యాచ్ మూడో రౌండులో మా జట్టులో ఒకతను మాయమయ్యాడు. అతని ఇంట్లో కరెంటు పోయిందో, నెట్ ఆగిపోయిందో, మా మీద అలిగి వెళ్లిపోయాడో తెలియదు. మిగిలిన నలుగురం ఒకరి మాట ఒకరం విని, ఆయుధాలు పంచుకుని, ఐదుగురికి ఎదురు నిలిచి 11-13తో ఓడిపోయాం. ఏడేళ్లలో నేను ఆడిన మంచి మ్యాచ్‌లలో అది ఒకటి. తెర మీద నా ఖాతాలో 24 పాయింట్లు తగ్గాయి. రెండో మ్యాచ్ ఐదుగురమూ ఉండి గెలిచాం. 15 పాయింట్లు వచ్చాయి. ఒక గెలుపు, ఒక ఓటమి, నిలువలో తొమ్మిది తక్కువ. ఆ 24 ఎందుకు 24 అయిందో, ఆ 15 ఎందుకు 15 అయిందో చెప్పే ముక్క ఎక్కడా లేదు. వోచరు లేని పద్దును మా ఆఫీసులో నేను ఆమోదిస్తే మా ఆడిటరుగారు ఆ సాయంత్రమే నన్ను ఇంటికి పంపేస్తారు.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆ తొమ్మిది పాయింట్ల నష్టం కాదు, వాటికి లెక్క చెప్పకపోవడం. ఈ లేఖలో నేను అడగదలచుకున్నది కూడా అదే. మీ ఆటల్లో చాలావాటిలో ప్రతి ఆటగాడికీ రెండు పుస్తకాలున్నాయి. ఒకటి మాకు చూపించేది: పతకం బొమ్మ, దాని కింద మెట్టు, ఆ మెట్టులో ఇన్ని పాయింట్లు. రెండోది మీ దగ్గరే ఉండేది: మ్యాచ్‌లో ఎవరిని ఎవరికి ఎదురుగా నిలబెట్టాలో నిర్ణయించే అసలు అంచనా. దాన్ని ఆటగాళ్లం ఎమ్మెమ్మార్ (మ్యాచ్‌మేకింగ్ రేటింగ్) అంటాం. ఈ రెండూ వేర్వేరు సంఖ్యలని, మొదటిది రెండోదానివైపు నెమ్మదిగా నడుస్తుందని, అందుకే ఒక్కోసారి గెలుపుకు తక్కువ ఇచ్చి ఓటమికి ఎక్కువ కోస్తుందని మీలో కొందరు బహిరంగంగానే చెప్పారు. అంటే ఆ రాత్రి నేను చూసిన 24, 15 అంకెల అర్థం బహుశా "నీ పతకం నీ అసలు స్థాయికి మించి ఉంది" అని. ఆ మాట సూటిగా చెప్పి ఉంటే నొచ్చుకునేవాణ్ణేమో గానీ అనుమానపడేవాణ్ణి కాదు. వ్యాపారి రెండు చిట్టాలు రాస్తే మా వృత్తిలో దాన్ని నంబర్ టూ లెక్క అంటాం. మీ ఉద్దేశం మోసం కాదని నాకు తెలుసు. కానీ చూపే పుస్తకం ఒకటి, నడిపే పుస్తకం ఇంకొకటి అయినప్పుడు ఖాతాదారుకు కలిగే భావం మాత్రం రెండు చోట్లా ఒకటే.

చదరంగం ఆడతానని బంధువులకు అబద్ధం చెబుతానన్నాను గదా. అసలు మీ లెక్కల పుట్టుక కూడా అక్కడే. అమెరికాలో మిల్వాకీలోని మార్క్వెట్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించిన, హంగేరీలో పుట్టిన అర్పాడ్ ఎలో రూపొందించిన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. అందులోని గొప్పదనం అది బీజగణితం తెలిసిన ప్రతివాడికీ అందేంత సులువుగా ఉండడం. ఇద్దరు ఆటగాళ్ల మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడికి నూటికి సుమారు 76 వంతుల ఫలితం రావాలని అంచనా. 400 తేడా ఉంటే 91. వచ్చిన ఫలితానికీ అంచనాకూ ఉన్న తేడాను ఒక నిర్ణీత సంఖ్యతో గుణిస్తారు. మా ఊరి కుర్రాడు ఇరిగేశి అర్జున్ 2024 డిసెంబరు ఫిడే జాబితాలో 2801కి చేరినప్పుడు ఇక్కడి చదరంగ అభిమానులు ఆ జాబితా వెలువడేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఒక్కో గేము అయిపోగానే కాగితం మీద ఎవరికి వారు లెక్క కట్టుకున్నారు. అర్జున్ స్థాయి ఆటగాడికి ఆ గుణకం 10. తనకంటే 200 తక్కువ ఉన్నవారితో డ్రా చేస్తే 2.6 పాయింట్లు పోతాయి. అందులో దాపరికం లేదు కాబట్టి, పోయిన పాయింట్ల మీద బాధ ఉంటుందే తప్ప తగవు ఉండదు.

చదరంగంలో ఒకరికి ఒకరే, జట్టు ఆటలో పదిమంది ఉంటారు, ఈ పోలిక చెల్లదు అని మీరు అనవచ్చు. నిజమే, అక్కడే అసలు చిక్కు ఉంది, దాన్ని తేలిక చేయడం నా ఉద్దేశం కాదు. ఐదుగురు కలిసి గెలిచారన్న ఒక్క వార్త నుంచి అందులో ఒక్కొక్కరి నేర్పు ఎంతో తేల్చడం అంటే, ఉమ్మడి కుటుంబం నెలసరి ఖర్చు మొత్తం చూసి ఎవరు ఎన్ని ఇడ్లీలు తిన్నారో చెప్పడం లాంటిది. ఒక నెల చూసి చెప్పలేరు. ఎవరు ఊళ్లో ఉన్నారో ఎవరు లేరో నెలల తరబడి గమనిస్తే కొంతవరకు చెప్పగలరు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఎక్స్‌బాక్స్ కోసం 2005 ప్రాంతంలో తయారుచేసిన ట్రూస్కిల్ పద్ధతి సరిగ్గా ఈ పనే చేసింది. ప్రతి ఆటగాడికీ ఒక సంఖ్య కాక రెండు సంఖ్యలు ఉంచింది: నేర్పు అంచనా 25తో, దాని మీద సందేహం సుమారు 8.3తో మొదలవుతాయి. ఆడే కొద్దీ సందేహం తగ్గుతుంది. చూపించేటప్పుడు అంచనాలోంచి సందేహానికి మూడు రెట్లు తీసివేసి చూపిస్తారు కాబట్టి కొత్తవాడు సున్నా దగ్గర మొదలవుతాడు.

ఆ పరిశోధకులే ఒక చిన్న పట్టిక కూడా ప్రకటించారు. ఒక ఆటగాడి స్థాయిని నిలకడగా గుర్తించడానికి కనీసం ఎన్ని ఆటలు కావాలో అందులో ఉంది. ఒకరికి ఒకరు ఆడితే 12 చాలు. నలుగురికి నలుగురు ఆడితే 46 కావాలి. ఎనిమిదిమందికి ఎనిమిదిమంది అయితే 91. ఐదుగురి ఆటకు ఆ పట్టికలో వరుస లేదు గానీ, 46కు పైనే ఉంటుందని ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. మరి మీరు సీజన్ మొదట్లో ఐదో పదో మ్యాచ్‌లు ఆడించి, బాకాలూదుతూ, మెరుపుల మధ్య మా చేతిలో పెట్టే పతకం దేన్ని చెబుతున్నట్టు? ఆ పదింటికి వెనుక పాత సీజన్ల లెక్క మీ రెండో పుస్తకంలో ఉండనే ఉంటుంది. ఆ పతకం నిజానికి అక్కడినుంచే వస్తుంది. అలాంటప్పుడు ఆ పది మ్యాచ్‌లే మా భవిష్యత్తును తేల్చబోతున్నాయన్నట్టు మమ్మల్ని ఒత్తిడికి గురిచేయడం ఎందుకు?

ఇక్కడ ఆటగాళ్ల వైపు తప్పును కూడా ఒప్పుకోవాలి. "నా జట్టువాళ్ల వల్లే నేను ఇక్కడ ఇరుక్కుపోయాను" అన్న మాట నేనూ వందసార్లు అన్నాను. లెక్క ప్రకారం అది నిలవదు. నా జట్టులో నేను కాక అపరిచితులు నలుగురు, అవతల ఐదుగురు. చేతకానివాడైనా, మధ్యలో వెళ్లిపోయేవాడైనా నా వైపు కంటే అవతలివైపే ఉండే అవకాశం కాస్త ఎక్కువ, ఐదుకు నాలుగు చొప్పున. వేల మ్యాచ్‌ల మీద మిగతావన్నీ కొట్టుకుపోయి మిగిలేది నేనే. మీరు ఇచ్చే సమాధానం కూడా ఇదే: "దీర్ఘకాలంలో అంతా సర్దుకుంటుంది." ఆ దీర్ఘకాలం ఎంత పొడుగో ఒక ఆదివారం మధ్యాహ్నం లెక్క వేశాను.

గెలిస్తే 20, ఓడితే 20, వంద పాయింట్లకు ఒక మెట్టు అనుకుందాం. నూటికి 55 గెలవగలవాడు, అంటే తానున్న మెట్టు కంటే నిజంగానే మెరుగైనవాడు, సగటున మ్యాచ్‌కు రెండు పాయింట్లే వెనకేస్తాడు. ఒక మెట్టు ఎక్కడానికి అతనికి 50 మ్యాచ్‌లు. మ్యాచ్‌కు 40 నిమిషాల చొప్పున 33 గంటల పైమాటే. నూటికి 52 గెలిచేవాడికి మ్యాచ్‌కు దక్కేది 0.8 పాయింటు, మెట్టుకు 125 మ్యాచ్‌లు, 83 గంటలు. రోజుకు రెండు మ్యాచ్‌లు ఆడే నాలాంటి ఉద్యోగికి అది రెండు నెలలు, అప్పటికి చాలా ఆటల్లో సీజనే ముగింపుకు వస్తుంది. రెండో వైపు చూడండి. నేర్పులో ఏ మార్పూ లేని, సరిగ్గా సగం గెలిచే ఆటగాడు 50 మ్యాచ్‌లలో 25 గెలవాలి. కానీ కేవలం అదృష్టం ఆటుపోట్ల వల్ల అతను 18 నుంచి 32 దాకా ఎక్కడైనా తేలవచ్చు, ఇరవైకి పందొమ్మిది సార్లు ఆ హద్దుల మధ్య ఉంటాడు. పాయింట్లలోకి మారిస్తే అది అటు 280, ఇటు 280. అంటే ఏమీ నేర్చుకోనివాడు దాదాపు మూడు మెట్లు ఎక్కనూవచ్చు, ఏమీ మరచిపోనివాడు మూడు మెట్లు జారనూవచ్చు. పైకి పోయేకొద్దీ ప్రత్యర్థులు గట్టిపడతారు, కిందికి పోయేకొద్దీ తేలికపడతారు కాబట్టి నిజ జీవితంలో ఈ ఊగిసలాట ఇంతకంటే కాస్త తక్కువే ఉంటుంది. అయినా నిజమైన నేర్పు వల్ల 50 మ్యాచ్‌లలో వచ్చే 100 పాయింట్లను ముంచేయడానికి అది చాలు.

ఇది మీ తప్పని అనడం లేదు. జట్టు ఆట స్వభావమే అంత. కానీ ఈ సంగతి మీకు తెలుసు, మీ రెండో పుస్తకంలో సందేహానికి ఒక గడి ఉంది, మాకు చూపే పుస్తకంలో మాత్రం అది లేదు. "నువ్వు గోల్డ్ మూడు నుంచి ప్లాటినం రెండు మధ్యలో ఎక్కడో ఉన్నావు" అన్నది నిజం. "నువ్వు ప్లాటినం ఒకటి, 37 పాయింట్లు" అన్నది ఆ నిజానికి తొడిగిన అలంకారం. ఆ 37 కోసం రాత్రి పన్నెండు దాటాక "ఇంకొక్కటి" అంటూ కూర్చుని, మరునాడు ఆఫీసులో జీఎస్టీ రిటర్నులో తప్పు అంకె వేసినవాణ్ణి నేను.

చూపడం సాధ్యం కాదని మాత్రం అనకండి. డోటా 2 అనే జట్టు ఆటలో 2013 డిసెంబరులో ర్యాంకు మ్యాచ్‌లు ప్రవేశపెట్టినప్పుడు ఆ ఎమ్మెమ్మార్ సంఖ్యను ఉన్నదున్నట్టు ఆటగాడికి చూపించారు. 2017లో సీజన్ పతకాలు తెచ్చి దాన్ని కప్పారు. 2023లో ఎలో తరహా లెక్క వదిలి, మార్క్ గ్లిక్‌మన్ చదరంగం కోసం రూపొందించిన గ్లికో పద్ధతికి మారినప్పుడు, ర్యాంకు మీద తమకు ఎంత నమ్మకం ఉందో శాతంలో చూపడం మొదలుపెట్టారు. ఆ ఒక్క శాతం నా దృష్టిలో ఎన్ని పతకాల బొమ్మలకన్నా విలువైనది. ఓవర్‌వాచ్ 2 అయితే ఎదురుదారిలో బయలుదేరింది. 2022 అక్టోబరులో విడుదలైనప్పుడు ఏడు గెలుపులో ఇరవై ఓటములో పూర్తయితే గాని ర్యాంకు మారిందో లేదో చెప్పేది కాదు. తర్వాత ఆ గెలుపోటముల సంఖ్యను తగ్గించారు, చివరకు 2024 ఫిబ్రవరిలో ప్రతి మ్యాచ్ తర్వాత మార్పును, దాని వెనకున్న కొన్ని కారణాలను చూపడం మొదలుపెట్టారు. లెక్క తెలిస్తే ఆటగాళ్లు దిగులుపడతారని దాచడం, దాస్తే మరింత దిగులుపడుతున్నారని మళ్లీ తెరవడం. ఈ ప్రయాణం మీ వృత్తిలో అందరి కళ్లముందూ జరిగింది కదా, అదే దారిలో మళ్లీ మొదటి మైలురాయి దగ్గర నుంచి నడుస్తున్న కొత్త ఆటలను చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది.

దాచడం వల్ల ఇంకొక నష్టం కూడా ఉంది. ఆటగాళ్లలో ఒక గట్టి నమ్మకం పాతుకుపోయింది: వరుసగా గెలిచినవాణ్ణి వ్యవస్థే ఓడించడానికి బలహీనుల మధ్య పడేస్తుందని, ఆట వదిలిపోకుండా మళ్లీ గెలిపిస్తుందని. దీన్ని పుకారు అని కొట్టిపారేస్తారు, కొందరు డెవలపర్లు స్పష్టంగా ఖండించారు కూడా. నేనూ వారి మాటే నమ్ముతాను. కానీ ఆటగాడు ఎంతకాలం ఆటకు అంటిపెట్టుకుని ఉంటాడన్నదే లక్ష్యంగా జోడీలు కట్టే విధానం గురించి 2017లో ఒక పెద్ద గేమ్ సంస్థ పరిశోధకులు పాల్గొన్న పత్రం వెలువడింది. అదే ఏడాది, కొనుగోళ్లను ప్రోత్సహించేలా మ్యాచ్‌లు కుదిర్చే పద్ధతి మీద మరో పెద్ద సంస్థకు అమెరికాలో పేటెంటు మంజూరైంది. దాన్ని ఏ ఆటలోనూ వాడలేదని ఆ సంస్థ చెప్పింది. వాడకపోయి ఉండవచ్చు. అయితే అటువంటి ఆలోచనలు కాగితం మీద ఉన్నాయని తెలిసిన ఆటగాడికి మూసి ఉన్న చిట్టాను చూపించి "నమ్ము" అంటే ఎలా నమ్ముతాడు? ఖాతాలు సరిగ్గా ఉన్న వ్యాపారి ఆడిటుకు భయపడడని మా ఆఫీసులో అందరం అనుకుంటాం. అది అన్నివేళలా నిజం కాదు గానీ, తలుపు మూసినకొద్దీ వీధిలో కథలు పెరుగుతాయన్నది మాత్రం నిజం.

ఇక ఒక్కొక్కరి ప్రతిభను ఎలా కలపాలన్నది. నేను సపోర్ట్ ఆడతాను. శత్రువు ఎటు వస్తున్నాడో చూసి చెప్పడం, పొగ వేసి దారి మూయడం, గాయపడ్డవాణ్ణి నిలబెట్టడం నా పనులు. కాబట్టి ఎన్ని హత్యలు చేశావన్న లెక్క మీద పాయింట్లు పంచే పద్ధతి అంటే నాకు సహజంగానే గిట్టదు. కానీ నా ఇష్టాయిష్టాలకంటే వాస్తవం ముఖ్యం. ట్రూస్కిల్ తర్వాతి రూపం 2018లో వచ్చినప్పుడు గెలుపోటములకు తోడుగా హత్యల సంఖ్య, స్నేహితులతో కలిసి ఆడుతున్నారా లేదా, మధ్యలో వదిలిపోయే అలవాటు ఉందా, ఎంత అనుభవం ఉంది వంటివి కూడా కలిపారు. హేలో 5 అనే ఆట మ్యాచ్‌ల మీద పరీక్షిస్తే పాత పద్ధతి నూటికి 52 ఫలితాలను సరిగ్గా ఊహించగా, కొత్తది 68 ఊహించింది. 52 అంటే దాదాపు నాణెం ఎగరేయడమే. ఆ మెరుగుదలను కాదనలేను. మరోవైపు ఓవర్‌వాచ్ మొదటి ఆటలో ఇటువంటి వ్యక్తిగత లెక్కను డైమండ్ స్థాయి నుంచి పైకి 2018 ఆరంభంలో తీసివేయాల్సి వచ్చింది, ఎందుకంటే జట్టు గెలవడానికి ఏం చేయాలన్న ఆలోచన పోయి, సంఖ్య పెరగడానికి ఏం చేయాలన్న ఆలోచన మొదలవుతుందన్న ఆందోళన ఆటగాళ్లలో బలంగా ఉండేది. కబడ్డీలో రైడరు తెచ్చే పాయింటు అందరికీ కనిపిస్తుంది. గొలుసు కట్టి రైడరును ఒక మూలకు నెట్టిన ఇద్దరి శ్రమ ఆఖర్న పట్టు పట్టినవాడి ఖాతాలోకి పోతుంది. దానికి నా దగ్గర తేలికైన పరిష్కారం లేదు. ఆటలో ఒక్కో పాత్రకు ఒక్కో సంఖ్య విడిగా ఉంచడం కొంత మేలు. వ్యక్తిగత లెక్క ఎంత వంతు, ఏయే పనులకు అని చెప్పేస్తే, తప్పు ఎక్కడుందో చూపించడానికి నాలాంటి సపోర్టు ఆటగాళ్లు వేలమంది సిద్ధంగా ఉన్నారు.

ఆ సంఖ్యల్లో ఏదీ పట్టుకోలేనిది ఒకటుంది, మాట. మేము ముంబయి సర్వరు మీద ఆడతాం. దక్షిణాదివారు, ఉత్తరాదివారు, పొరుగు దేశాలవారు కలిసిపడతారు. నాకు వచ్చిన హిందీ మా హైదరాబాదు మేనత్తగారి వీధిలో నేర్చుకున్నది. ఒత్తిడిలో అది కూడా నోటికి రాదు. ఒకసారి ఓడిపోతున్న మ్యాచ్‌లో, శత్రువు వెనకనుంచి రావడం చూసి అప్రయత్నంగా "వెనక, వెనక!" అని అరిచాను. మా జట్టులోని గొంతు ఒకటి "అన్నా, తెలుగా?" అంది. అతను భీమవరం కుర్రాడు, కాలేజీ హాస్టలు గదిలోంచి ఆడుతున్నాడు. అక్కడినుంచి మేమిద్దరం ఒక వైపు, మిగతా ముగ్గురు ఒక వైపు మాట్లాడుకుంటూ, ఎలాగో ఆ మ్యాచ్ లాగి గెలిచాం. నా నేర్పు ఆ రాత్రి పెరగలేదు, నా మాట అర్థం చేసుకునేవాడు దొరికాడంతే. ఐదుగురు స్నేహితులు ఒకే భాషలో మాట్లాడుకుంటూ, ముందే వ్యూహం వేసుకుని వచ్చే జట్టుకు ఎదురుగా ఒంటరిగా క్యూలో చేరిన ఐదుగురిని నిలబెట్టినప్పుడు కూడా ఇదే జరుగుతుంది, కాకపోతే తలకిందులుగా. గుంపుగా వచ్చినవారికి లెక్కలో కొంత భారం కలుపుతున్నామని మీలో చాలామంది చెబుతారు. ఎంత కలుపుతున్నారు? ఇద్దరికి ఎంత, ఐదుగురికి ఎంత? ఒంటరిగా ఆడేవారికి విడి వరుస పెట్టలేకపోతే, అలా పెడితే క్యూలో నిరీక్షణ పెరుగుతుందన్న మీ ఇబ్బంది నాకు అర్థమవుతుంది గనుక పట్టుబట్టను, కనీసం ఆ అంకె చెప్పండి.

మధ్యలో వెళ్లిపోయేవారి సంగతి మాత్రం పట్టుబట్టి అడుగుతున్నాను. మ్యాచ్ మొదలైనప్పుడు మీ లెక్కలో మా గెలుపు అవకాశం సగానికి సగం అనుకుందాం. మూడో రౌండులో మేము నలుగురమైన క్షణాన ఆ అంచనా చెల్లకుండా పోయింది. పది మంది స్థానాలను సెకనుకు ఎన్నోసార్లు నమోదు చేసే యంత్రానికి ఈ సంగతి తెలియదంటే ఎవరూ నమ్మరు. నలుగురు ఐదుగురి మీద ఆడితే గెలిచే అవకాశం ఎంతో మీ దగ్గరున్న కోట్ల మ్యాచ్‌ల నుంచి గంటలో తేల్చుకోవచ్చు. ఆ అంచనా మీదే మిగిలిన నలుగురి పాయింట్లు కోయండి, తేడాను వెళ్లిపోయినవాడి ఖాతాలో వేయండి. ప్రొ కబడ్డీ లీగులో చాలా సీజన్లపాటు ఏడు పాయింట్లలోపు తేడాతో ఓడిన జట్టుకు కూడా పట్టికలో ఒక పాయింటు ఇచ్చేవారు. చివరిదాకా పోరాడినవాళ్లు ఊరికే కుప్పకూలినవాళ్లతో సమానం కాదని గుర్తించే ఏర్పాటు అది. అలాంటిది లేనందువల్ల మీ ఆటల్లో జరుగుతున్నదేమిటంటే, ఒకడు వెళ్లిపోగానే మిగిలిన వారిలో ఇద్దరు ఆడడం మానేసి "సరెండర్" ఓటు కోసం నొక్కుతుంటారు. అది పిరికితనమని వారిని తిట్టేవాణ్ణి ఒకప్పుడు. ఎంత పోరాడినా అదే 24 పోతున్నప్పుడు ఇరవై నిమిషాలు మిగుల్చుకోవడమే తెలివైన పని అని వారికి నేర్పింది మీ లెక్కే. కరెంటు పోయినవాడికి, కావాలని పోయినవాడికి తేడా ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఒకసారి అయితే తెలియదు. నెలలో ఆరుసార్లు అయితే తెలుస్తుంది. మా ఊళ్లో కరెంటు కోతలు ఉన్నమాట నిజమే గానీ, ఓడిపోతున్నప్పుడే పోయే కరెంటు మాత్రం ఇంకా రాలేదు.

తిట్ల గురించి రెండు మాటలు. మీరు నివేదిక బొత్తాలు, మ్యూట్ బొత్తాలు, మాట్లాడే హక్కు రద్దు చేసే శిక్షలు పెట్టారు, మంచిదే. కానీ ఓటమికి కారణం చెప్పని చోట జనం కారణాన్ని వెతుక్కుంటారు, అది ఎదురుగా నాలుగు పేర్ల రూపంలో సిద్ధంగా ఉంటుంది. "ఈ మ్యాచ్‌లో మీ గెలుపు అవకాశం 41 శాతం అని మా అంచనా, ఓడారు, 8 పాయింట్లు పోయాయి" అని తెర మీద ఉంటే, నలుగురిలో ఒక్కరైనా కొత్త కుర్రాణ్ణి అమ్మనాబూతులు తిట్టకుండా లాబీలోంచి బయటికి వస్తారని నా ఆశ. ఆశ మాత్రమే, రుజువు లేదు.

సీజన్ మొదలవగానే అందరినీ ఒక మెట్టో రెండు మెట్లో కిందికి దించడం గురించి ఎక్కువ రాయను. కొత్త ఉత్సాహం కోసమని అంటారు. మార్చి 31న పాత నిలువలను సున్నా చేసి ఏప్రిల్ 1న కొత్త పుస్తకం తెరిచే పద్ధతి మా వృత్తిలో లేదు. నిలువను ముందుకు తీసుకువస్తాం. మీ రెండో పుస్తకంలో మీరూ తీసుకువస్తూనే ఉన్నారు. దించింది మా బొమ్మను మాత్రమే.

భారత ప్రభుత్వం 2022 డిసెంబరులో ఈ-స్పోర్ట్స్‌ను యువజన వ్యవహారాలు, క్రీడల శాఖ పరిధిలోకి తెచ్చింది. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధిస్తూనే ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఇవాళ భీమవరం హాస్టల్లోని కుర్రాడికి మీ ర్యాంకు ఒక సరదా బొమ్మ మాత్రమే కాదు, ఏదైనా జట్టులో ఎంపికకు వెళితే మొదట అడిగేది అదే. ఇది క్రీడ అయితే, క్రీడాకారుడికి తన స్కోరు ఎలా వచ్చిందో తెలుసుకునే హక్కు ఉంటుంది. సూత్రం మొత్తం బయటపెడితే దాన్ని వాడుకుని మోసం చేసేవారు పుట్టుకొస్తారని మీ భయం. ఎలో సూత్రం అరవై ఏళ్లకు పైగా బయటే ఉంది, ముందే మాట్లాడుకుని డ్రాలు చేసుకునేవారూ ఉన్నారు, అయినా చదరంగం నడుస్తూనే ఉంది. పైగా నేను మీ సూత్రాన్ని అడగడం లేదు, నా పద్దును అడుగుతున్నాను.

మ్యాచ్ అయ్యాక నాకు కావలసిన వోచరు ఇంతే: మొదలయ్యే ముందు మీ అంచనా ఎంత, ఎదుటి జట్టులో ఎంతమంది కలిసి వచ్చారు, మధ్యలో ఎవరైనా వెళ్లిపోతే ఆ తర్వాత అంచనా ఎంతకు మారింది, నా పాత్రలో నా సంఖ్య ఎంత, దాని మీద మీకున్న సందేహం ఎంత. ఐదు వరుసలు. మీ పతకం బొమ్మ కింద ఆ ఐదు వరుసలకు చోటు ఉంది, కొలిచి చూశాను.

ఈ రాత్రి పదిన్నరకు నేను మళ్లీ క్యూలో ఉంటాను. భీమవరం కుర్రాడు కూడా వస్తానన్నాడు, పరీక్షలు అయిపోయాయట.

ఇట్లు,
ఒక సపోర్ట్ ఆటగాడు,
హనుమకొండ